అత్తరు పట్టిన జల్లెడ

జానీమియా ఇయర్‌ఫోన్ల రబ్బరు టోపీలను మెల్లగా తిప్పి ఊడదీసి, కుంకుడు నురుగు ఉన్న గిన్నెలో వేశాడు. చింతగింజంత ఉన్న ఆ రెండూ నురుగులో మునిగి మళ్లీ పైకి తేలాయి. మిగతాది గడప మీద పరిచిన తెల్ల రుమాలు మీద ఉంది. నల్లటి సన్న తీగ, ఒక కొసకు మిషన్‌కు గుచ్చే మొన, ఇంకో కొసకు రెండు లోహపు మొగ్గలు, ఒక్కో మొగ్గ మూతికి కంటికి ఆనీ ఆనని జల్లెడ. సుర్మా కడ్డీ కొసకు పోగంత దూది చుట్టి, ఊపిరి బిగబట్టి, ఆ జల్లెడ అంచుల వెంట తుడిచాడు. పొడవలేదు. నొక్కలేదు. దూదికి సన్నగా ఎర్రమట్టి అంటింది. మొన్న మానుకోట సభలో లేచిన దుమ్ము అది.

అరవై దాటిన మనిషి. వేళ్లు బండబారి, గోళ్ల సందుల్లో మైకు హారన్ల తుప్పు పట్టి ఉంటాయి. ఈ పని చేసేటప్పుడు మాత్రం అవే వేళ్లు పసిపిల్లకు చెవులు కుట్టే అవుసులాయన వేళ్లలా మెత్తబడతాయి. జనగామ చుట్టుపక్కల మైక్‌సెట్ జానీమియా అంటే తెలియని వాళ్లు లేరు. ఆయన గొంతు ఎట్లా ఉంటుందో చెప్పమంటే మాత్రం చాలామంది చెప్పలేరు. సభకు ముందు మైకు దగ్గరికి పోయి "అలో, అలో" అంటాడు. ఆ తర్వాత మాట్లాడేదంతా వేరేవాళ్లే.

వెనక వంటకాడ నుంచి భార్య ఖమర్ బీ పిలిచింది. కాసేపు ఆగి మళ్లీ పిలిచింది. ఇక పిలవడం మాని, చేతిలో ఉన్న చిక్కుడు తొక్కను వీపు మీదికి విసిరింది.

జానీమియా తిరిగి చూశాడు.

"నా సుర్మా కడ్డీ మల్ల ముట్టినవా జీ? కండ్లకు పెట్టేది తీస్కపోయి చెవులకు పెడుతవు. రేపటి సంది నా కండ్లల్ల పాటలు మోగుతయి."

ఆయన కడ్డీని మోకాలి కిందికి జరుపుకున్నాడు. "కడిగిస్త."

"నీళ్లు కాగినయి, తానం చెయ్యి అని గింతసేపటి సంది ఒర్రుతున్న. గవి చెవులల్ల ఉన్నప్పుడు ఇనవు. తీసి పక్కకు పెట్టినంక సుత ఇనవాయె. మనిషివా, మైకు కట్టిన కంబానివా?"

"కుడిది మొద్దువారింది." ఆయన ఇయర్‌ఫోన్‌ను ఎత్తి చూపించాడు. "లోపల మన్ను పోయినట్టుంది. ఇయ్యాల చూపిస్త."

ఖమర్ బీ ఇంకో చిక్కుడుకాయ ఒలిచింది. పెద్దబిడ్డ నస్రీన్ ఫోన్ చేసినప్పుడల్లా ఆయన రెండు మాటలు విని, "సిగ్నల్ లేదు" అని ఫోన్ ఆమె చేతిలో పెట్టేస్తున్నాడు. ఆమె చేతికి వచ్చేసరికి సిగ్నల్ బాగానే ఉంటోంది. ఆ సంగతి ఆమె బిడ్డకు చెప్పలేదు, ఆయనతోనూ అనలేదు.

"చూపియ్యి," అంది. "జర మంచిగ చూపియ్యి." ఆమె చూపు మాత్రం ఇయర్‌ఫోన్ మీద లేదు.

ఆయన టోపీలను నీళ్లలోంచి తీసి, ఊది, రుమాలు చెంగుతో అద్ది, ఎండ తగలని చోట ఆరబెట్టాడు. అవి పూర్తిగా ఆరే దాకా మొగ్గలకు తొడగడు. తీగను నాలుగు వేళ్ల చుట్టూ వదులుగా చుట్టాడు. బిగించి చుడితే లోపలి రాగి పోగు తెగుతుంది. చుట్టను వక్కల డబ్బాలో పెట్టాడు. డబ్బా అడుగున పలుచటి గుడ్డలో కట్టిన బియ్యం మూట ఉంటుంది, చెమ్మ పీల్చుకోవడానికి. తినే బియ్యాన్ని డబ్బాలో ఖైదు పెట్టిండని ఖమర్ బీ మొదట్లో నవ్వింది. తర్వాత తర్వాత నెలకోసారి ఆమే ఆ బియ్యం మార్చి కొత్తవి కడుతోంది.

ఆ ఇయర్‌ఫోన్లు ఆయన కొనుక్కున్నవి కావు. కొనగలిగినవీ కావు. కిందటేడు వానాకాలం కాటారంలో సభ జరుగుతుండగా వాన దంచింది. హైదరాబాద్ నుంచి పాటల దళం వచ్చింది, వాళ్ల వెంట వాళ్ల సౌండు మనిషి కూడా వచ్చాడు. ఆ వానలో వాళ్ల పెద్ద మిషన్ ఆగిపోతే, జానీమియా తన పాత మిక్సర్ మీద గొడుగు పట్టి, తాను నానుతూ, చివరి పాట దాకా ఒక్క కూత రాకుండా లాక్కొచ్చాడు. మైకు తన గొంతును తానే హారన్లలో విని, దాన్నే మళ్లీ పట్టి పెంచుకుంటే పుట్టే అరుపును మైకు పనివాళ్లు కూత అంటారు. అది పుట్టబోయే ముందు దోమ రెక్కంత సన్నని ఈల వస్తుంది. అది వినబడినప్పుడే మిక్సర్ మీది మీట దించాలి. జానీమియా విద్య అంతా ఆ ఈలను పట్టుకోవడంలోనే ఉంది. సభ ముగిశాక ఆ హైదరాబాద్ మనిషి తన చెవుల్లోవి తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

"ఇవి మీ చెవులకే ఉండాలి పెద్దాయనా. చెమట ఆరనియ్యండి. తీగ పట్టి గుంజకండి, మొన పట్టి తియ్యండి. బిడ్డలెక్క చూసుకోండి."

ఆ మూడు మాటలనూ జానీమియా ఐదుపూటల నమాజులా పాటించాడు. ఎండకు కాగిన ఆటో డ్యాష్‌బోర్డు మీద వాటిని ఎన్నడూ పెట్టలేదు. ఎవరి చెవికీ ఇవ్వలేదు. వాటి ధరకు ఒక పాడి మేక వస్తుందని ట్రాలీ ఆటో నడిపే వాల్యా చెప్పినప్పుడు, ఆ రాత్రి డబ్బాను తలగడ కిందికి మార్చాడు.

మీసాలు రాని వయసులో నెత్తి మీద హారన్ మోస్తూ పెళ్లి ఊరేగింపుల ముందు నడవడంతో మొదలైంది ఆయన పని. అరవై తొమ్మిదిలో ఇదే జనగామలో సభ కోసం కట్టిన హారన్లను పోలీసులు లాఠీలతో సొట్టలు చేస్తే, కట్టె సుత్తితో వాటిని సాపు చేశాడు. తర్వాత ఏళ్లకేళ్లు పెళ్లిళ్లు, దర్గా ఉర్సులు, బోనాలు, ఎన్నికలు. ఎప్పుడూ ఒక పక్క జనరేటర్, ఇంకో పక్క హారన్, మధ్యలో ఆయన. ఆ తర్వాత ఊరూరికీ డీజేలు వచ్చి మైక్‌సెట్లను మింగేశాయి. ఖాళీగా కూర్చుని హారన్లకు బూజు దులుపుతున్న కాలంలో తెలంగాణ మళ్లీ లేచింది. ధర్నా, వంటావార్పు, ధూంధాం, ఏది జరిగినా మైకు కావాలి. జనగామలో మైక్‌సెట్ షాపు నడిపే గట్టయ్య ఇంటికి వచ్చి మరీ ఆయన్ను పిలుచుకుపోయాడు. రాష్ట్రం వస్తుందో రాదో జానీమియాకు తెలియదు. మిక్సర్ ముందటి కుర్చీ మాత్రం తిరిగి వచ్చింది.

ఇప్పుడు ఆ కుర్చీకే ఎసరు వచ్చింది. మానుకోట సభలో పాట నడుమ కూత పెట్టింది. సన్నని ఈల ఆయన చెవికి అందనే లేదు. సామాను సర్దుకునేటప్పుడు గట్టయ్య అన్నాడు. "జానిభాయ్, ఇంకోపాలి గిట్లయితె నేనేం చెయ్యలేను. కుర్చీల వేరేటోన్ని కూసోబెడుత. తప్పు పట్టుకోకు."

కుడిది మొద్దువారింది, మన్ను పోయింది. ఆయన అదే చెప్పాడు. అదే నమ్మాడు.

*

స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే ప్రదీప్ దుకాణం అప్పుడే తెరిచాడు. జానీమియా డబ్బా మూత తీసి ముందు పెట్టాడు. ప్రదీప్ కంటికి భూతద్దం తగిలించుకుని కుడి మొగ్గను దీపం కిందికి తెచ్చాడు.

"ఎట్ల పెట్టినవు చాచా గింత సాపుగ! నా దుకాణంల కొత్తయి సుత గింత మెరువయి."

తర్వాత ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. భూతద్దం పైకి జరిపి ముసలాయన్ను చూశాడు.

"గిది మన్ను కాదు. నూనె. చెవుల అత్తరు దూది పెట్టుకుంటవా?"

జానీమియా చెయ్యి తనంతట తానే కుడిచెవి మడతలోకి పోయింది. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజుకు ముందు అత్తరులో ముంచిన దూది పింజను ఆ మడతలో పెట్టుకోవడం తండ్రి నేర్పిన అలవాటు. తర్వాత సభ దగ్గర ఆ పింజ తీసేసి, ఆ చోటనే ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాడు. జుమ్మా తర్వాత జుమ్మా, ఆ తడి జల్లెడలోకి దిగుతూ వచ్చింది.

"జల్లెడ మొత్తం మూసుకపోయింది," అన్నాడు ప్రదీప్. "చెమట తుడిసినవు, మన్ను తుడిసినవు. అత్తరు మాత్రం నువ్వే పోసినవు!"

జానీమియాకు నవ్వు వచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, పై పన్ను లేని సందు కనబడేలా వచ్చింది. అత్తరు! ఇన్ని రోజుల దిగులూ అత్తరు పని. మానుకోట కూత అత్తరు. నస్రీన్ మాట అందకపోవడం కూడా ఏదో ఒక లెక్కన అత్తరే. ఆయన స్టూలు మీద జరిగి కూర్చుని, తనంతట తానే ఒక మాట అన్నాడు.

"ఖమర్ బీ నన్ను కంబం అన్నది."

ప్రదీప్ కూడా నవ్వాడు. స్పిరిట్‌లో తడిపి పిండిన దూదిని జల్లెడకు ఆనించి, మొగ్గను తలకిందులుగా పట్టి వేలితో తట్టాడు. మళ్లీ ఆనించాడు, మళ్లీ తట్టాడు. దూది మీద పచ్చటి మరక దిగింది. "వేడిగాలి కొట్టొద్దు దీనికి, లోపలి జిగురు ఊడుతది," అంటూ ఓపికగా ఆరనిచ్చాడు. టోపీలు తొడిగి, తన ఫోన్‌కు తగిలించి ఒక పాట పెట్టాడు.

జానీమియా రెండు మొగ్గలూ చెవుల్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

గోడ అవతల ఎవరో పాడుతున్నట్టు ఉంది. ఎడమ వైపు గోడ ఇటుక గోడ, కుడి వైపుది కోట గోడ. ఆయన కళ్లు తెరవకుండానే పెంచమని చెయ్యి ఊపాడు. ప్రదీప్ పెంచాడు. ఇంకా అన్నట్టు ఊపాడు. ఇంకా పెంచాడు.

"అయిపోయింది చాచా. ఫుల్ ఉన్నది."

ఆయన చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది.

ప్రదీప్‌కు అనుమానం వచ్చింది. ముసలాయన చెవిలోంచి కుడి మొగ్గను మెల్లగా తీసి తన చెవిలో పెట్టుకున్నాడు. పెట్టుకున్న మరుక్షణం కందిరీగ కుట్టినట్టు లాగి పారేసి, చెవి పట్టుకున్నాడు.

"అమ్మో! తల పలుగుతది చాచా!"

జానీమియా ఆ మొహం చూశాడు. ఆ మాట వినాల్సిన పని లేకపోయింది.

ప్రదీప్ కాసేపు బల్ల మీది స్క్రూలను ఊరికే సర్దాడు. తర్వాత డబ్బాలోని బియ్యం మూటను సరిచేసి, దాని మీద ఇయర్‌ఫోన్లను పెట్టి, మూత వేశాడు. గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"వస్తువు మంచిగున్నది చాచా. గట్టి మాల్. నువ్వు చూసుకునే తీరుకు ఇంకో పదేండ్లయినా దీనికేం గాదు."

జానీమియా జేబులో చెయ్యి పెట్టాడు. ప్రదీప్ వద్దని ఆ చేతిని పట్టుకున్నాడు. బయటికి వచ్చి రోడ్డు దాటుతున్నప్పుడు, అన్నిటికంటే ఆ చెయ్యి పట్టుకోవడమే ఆయన్ను భయపెట్టింది. అది చావు జరిగిన ఇంట్లో పట్టుకునే తీరు.

*

సభ జఫర్‌గఢ్‌లో. వాల్యా ట్రాలీ ఆటోలో ముందు గట్టయ్య, వెనక హారన్లు, బాక్సులు, జనరేటర్, వాటి మధ్య జానీమియా. గట్టయ్య మెడ తిప్పి అడిగాడు.

"అయిందా రిపేరు?"

ఆయన గట్టయ్య పెదాలను చూశాడు. "అయింది."

"మంచిగున్నదా ఇగ?"

"మంచిగున్నది." అందులో అబద్ధం లేదు.

"ఇగ చూడు సేటూ," వాల్యా అందుకున్నాడు, "చాచా చెవుల పక్కపొంటి చీమ నడిచినా సలాం కొడుతడు. మా తండల పిల్లను చూసేతందుకు పోయినప్పుడు జర గవి నాకియ్యి చాచా. చెవుల పెట్టుకుంటె మొగులు మీద నడిచినట్టుంటది."

"నీ మొకానికి మేడారం జాతర బూర చాలు," అన్నాడు గట్టయ్య. మళ్లీ వెనక్కి తిరిగాడు. ఈసారి నవ్వు లేదు. "జానిభాయ్, ఇయ్యాల బుచ్చవ్వ వస్తున్నది. పోయినేడు తెలంగాణ కోసం పానం ఇచ్చిన పిలగాని తల్లి. గామె ముంగట మైకు ఒర్రిందనుకో, జనం నా షాపు మీద మన్ను పోస్తరు. చెప్తున్న."

జానీమియా తల ఊపాడు. బుచ్చవ్వ అన్న పేరు అందింది. మన్ను అన్న మాట అందింది. మిగతాది ఆటో చప్పుడులో, లేదా దేనిలోనో, కలిసిపోయింది. చెప్పేయాలి అనుకున్నాడు. గట్టయ్యా, నాకు ఇనరాదు. మూడు మాటలు. ఘన్‌పూర్ దాటే దాకా ఆ మూడు మాటలనూ నోట్లో తమలపాకులా నానబెట్టాడు. చెప్పాక ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో ఖమర్ బీ పెదాలు కదులుతుంటాయి. ఆటో గుంతలో పడి లేచింది. ఆయన మాటలను మింగి, ఒళ్లో ఉన్న డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు.

జఫర్‌గఢ్ గుట్ట కింది అంగడి మైదానంలో స్టేజీ కట్టి ఉంది. హారన్లను నాలుగు వైపులా కంబాలకు ఎక్కించారు. జానీమియా నడుం వంచి తీగలు లాగాడు, ముళ్లు వేశాడు, అతుకులకు టేపు చుట్టాడు. చేతులకు అన్నీ గుర్తున్నాయి. మైకు దగ్గరికి పోయి "అలో, అలో" అన్నాడు. అది బాగానే వినబడింది. తన గొంతు ఎముకల వెంట లోపలి నుంచే వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ వినబడడమే ఇన్నాళ్లూ ఆయన్ను మోసం చేసింది.

జుమ్మాకు అక్కడి మసీదుకు పోయాడు. నమాజు అయ్యాక మెట్ల మీద పాత పరిచయస్తుడు ఒకాయన అత్తరు సీసా తీసి, దూది పింజ తడిపి, అలవాటు ప్రకారం జానీమియా కుడిచెవి వైపు చెయ్యి చాపాడు. జానీమియా తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ పరిచయస్తుడు నొచ్చుకున్నట్టు చూశాడు. జానీమియా మణికట్టు ముందుకు పెట్టాడు. అక్కడ రాయించుకుని, గాలికి ఆరే దాకా ఆ చేతిని ఇయర్‌ఫోన్ల డబ్బా ఉన్న జేబుకు దూరంగా పట్టుకుని నడిచాడు.

*

ఎండ వాలేసరికి మైదానం నిండింది. బీడీ కార్ఖానా ఆడవాళ్లు, కూలికి పోయి అట్నుంచి అటే వచ్చిన వాళ్లు, కాలేజీ పిల్లలు, మెడలో గులాబీ కండువాలు వేసుకున్న ముసలివాళ్లు. జనం కాళ్లకు మట్టి లేచి మోకాళ్ల ఎత్తున నిలబడింది. స్టేజీకి ఒక పక్క, పరదా కట్టిన చోట, మిక్సర్ ముందు జానీమియా కూర్చున్నాడు. డబ్బా తెరిచి ఇయర్‌ఫోన్లను తీసి, రుమాలుతో ఒకసారి తుడిచి, కుడిది కుడికి, ఎడమది ఎడమకు పెట్టుకుని, మొనను మిక్సర్‌కు గుచ్చాడు. చెవుల్లోకి వచ్చే చప్పుడు గుండీని చివరి దాకా తిప్పాడు.

బుచ్చవ్వను చెయ్యి పట్టి స్టేజీ ఎక్కించారు. సన్నగా, వంగిన కట్టెలా ఉంది. వెనక కొడుకు ఫొటో ఉన్న బ్యానర్ కట్టారు. ఆమె దాని వైపు చూడకుండా, చెప్పులు విడిచి ఒక మూలకు పెట్టి, కుర్చీ అంచున కూర్చుంది.

సభ నడిపే మనిషి మైకు ముందుకు వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. అమరులకు మౌనం.

ప్రతి సభలోనూ జానీమియా ఎదురుచూసేది దీని కోసమే. పాటలు ఆయనవి కావు, మాటలు ఆయనవి కావు. ఈ మౌనం మాత్రం ఆయనది. అందరూ తలలు వంచినప్పుడు స్టేజీ మీది మైకు మీటను వెంట్రుక వాసి పైకి జరిపి, చెవుల్లోని మొగ్గలను వేళ్లతో అదిమేవాడు. అప్పుడు వేలమంది నిలబడడం వినబడేది. ఊపిరి, గాజు కదలిక, ఎవరో ముసలాయన దగ్గును మింగడం, ఎక్కడో చంకలో పిల్ల పాలు తాగే చప్పుడు. ఇంతమంది మాట్లాడకుండా ఉండడం ఎట్లా ఉంటుందో ఆ మైదానంలో ఆయనొక్కడే వినేవాడు. కూతకు ఇవతల, ఒక్క గడ్డిపోచ ఇవతల, మీటను ఆపి పట్టుకునేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

ఈ రోజు జల్లెడలు శుభ్రంగా ఉన్నాయి. అత్తరు లేదు, మన్ను లేదు. ఆయన మీటను వెంట్రుక వాసి జరిపాడు.

ఏమీ లేదు.

ఇంకొంచెం జరిపాడు. మొగ్గలను అదిమాడు. ఒక్క దగ్గు వినబడితే చాలు అనుకున్నాడు. ఒక్క గాజు. బావిలోకి వంగినట్టు మిక్సర్ మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఇంకా జరిపాడు. బావి అడుగున నీళ్లు లేవు. చెవుల్లో దుప్పటి కప్పినట్టు మెత్తటి చీకటి. యా అల్లా, ఒక్క ఊపిరి. ఆయన వేలు మీటను కొస దాకా తోసింది.

కళ్లు తెరిచేసరికి హారన్ మీద వాలిన కాకి ఎగిరిపోతోంది. ముందు వరుసలో ఆడవాళ్లు రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నారు. ఒక పిల్ల నోరు తెరిచి ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. స్టేజీ మీద సభ నడిపే మనిషి మొహం చిట్లించి చేతులు ఆడిస్తున్నాడు. ఏదో జరిగింది అనుకున్నాడు జానీమియా. పాము వచ్చిందా, పోలీసులు వచ్చారా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక పరదా తప్ప ఏమీ లేదు. మళ్లీ ముందుకు తిరిగాడు. అప్పుడు అర్థమైంది. అందరూ చూస్తున్నది తననే.

జనరేటర్ దగ్గర నుంచి గట్టయ్య పరుగున వచ్చి ఆయన చేతిని తోసేసి మీటను దించాడు.

"ఎవడ్రా గా మైకోడు? తాగి వచ్చిండా?" కిందనుంచి ఎవరో అరిచారు.

"అమరుల మౌనంల కూతలు పెడుతరార? దించుండ్రి గా ముసలోన్ని!"

నలుగురైదుగురు పరదా వైపు కదిలారు. అప్పుడు స్టేజీ మీద బుచ్చవ్వ చెయ్యి ఎత్తింది. మైకు ఆపేసి ఉంది. ఆమె మాట స్టేజీ మీది వాళ్లకు, ముందు వరుసకు, గట్టయ్యకు మాత్రమే అందింది.

"ఏమనకుండ్రి బిడ్డా. నా కొడుకు సుత గిట్లనే ఒర్రిండు. గప్పుడు సుత ఎవ్వలకు ఇనరాలె."

కదిలిన వాళ్లు ఆగిపోయారు. గట్టయ్య తల దించుకున్నాడు. జానీమియా ఆమె పెదాలు కదలడం చూశాడు. తనను తిడుతోందనుకున్నాడు. తిట్టాల్సిందే అనుకున్నాడు. నిలబడి ఆమె వైపు చేతులు జోడించాడు.

మౌనం మళ్లీ మొదటి నుంచి పాటించారు. ఈసారి మీట మీద గట్టయ్య వేలు ఉంది.

తర్వాత పాట ఎత్తుకున్నారు. జనం కూర్చోలేదు, ఊగడం మొదలుపెట్టారు. గట్టయ్య కోపం చేయలేదు. కోపం చేసి ఉంటే జానీమియాకు సులువయ్యేది. జానీమియా భుజం మీద చెయ్యి వేసి కుర్చీ ముందు నుంచి పక్కకు జరిపాడు, తాను కూర్చున్నాడు. ఏదో అన్నాడు. జానీమియా చూస్తూ నిలబడ్డాడు. గట్టయ్య మళ్లీ అనకుండా, బొటనవేలిని నోటి దగ్గరికి తీసుకుపోయి చాయ్ తాగి రమ్మని సైగ చేశాడు. అది ఆయనతో గట్టయ్య చేసిన మొదటి సైగ. ఇక అన్నీ సైగలే అని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

జానీమియా కుడి మొగ్గను తీశాడు, తర్వాత ఎడమది. జేబులోని రుమాలుతో ఒక్కోదాని చెమట అద్దాడు. టోపీల మడతల్లో తుడిచాడు. మొనను మిక్సర్ నుంచి తీయలేదు, పని నడుస్తోంది, కావలసి రావచ్చు. తీగను నాలుగు వేళ్ల మీద వదులుగా చుట్టి, గట్టయ్య కుడిచేతికి అందేలా మిక్సర్ మీద పెట్టాడు. కొంచెం ఆలోచించి, మొగ్గలు కిందికి ఉంటే మూతులు నలుగుతాయని పైకి తిప్పి పెట్టాడు. గట్టయ్య మీటల మీద నుంచి కళ్లు ఎత్తలేదు.

పరదా దాటి వస్తుంటే వాల్యా ఎదురయ్యాడు. "యాడికి చాచా? నాకు సుత ఒక చాయ్ పట్కరా!" అని అరిచి, మళ్లీ తనే నాలుక కరుచుకున్నాడు. జానీమియా అతని భుజం తట్టి నడిచాడు.

మైదానం చివర ఉన్న హారన్ కంబం కింద కాసేపు ఆగాడు. పైన హారన్ నోరు ఆయన వైపే ఉంది. అరచేతిని కంబానికి ఆనించాడు. కంబం అదురుతోంది. ఆ అదురు అరచేతిలోంచి మోచేతి దాకా వచ్చింది. అది పాట అని తెలుస్తోంది, ఏ పాటో తెలియడం లేదు. జనం నోళ్లు అందరివీ ఒకేసారి తెరుచుకుంటున్నాయి, ఒకేసారి మూసుకుంటున్నాయి. ఆయన చెయ్యి తీసేశాడు.

రోడ్డు మీద ఘన్‌పూర్ బస్సు ఆగి ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడని ముందున్న మేకలు చెదరడం చూసి తెలుసుకుని, ఆయన పక్కకు జరిగాడు. ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలింది. ఆ తర్వాత గట్టయ్య మనిషిని పంపినా, తానే ఇంటికి పోయి పిలిచినా, జానీమియా మళ్లీ ఏ సభకూ రాలేదు.

మైదానంలో పాట పెరిగింది. జనం కాళ్లు నేలను గుద్దుతుంటే మట్టి పైకి లేచి, పరదా సందుల్లోంచి లోపలికి వచ్చింది. ఎవరో చాయ్ గ్లాసు తెచ్చి గట్టయ్యకు ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగి, చూసుకోకుండా దాన్ని నల్లటి తీగ చుట్ట మీద పెట్టాడు. ఆ పక్కనే, పైకి తిప్పి పెట్టిన రెండు మొగ్గల మీద ఎర్రటి దుమ్ము కొంచెం కొంచెంగా వాలింది. లోపల పాట మోగుతూనే ఉన్నందుకు, జల్లెడల మీద ఆ దుమ్ము సన్నగా అదురుతోంది.